పనికీ పర్యటనకూ ఒకే యూట్: ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను కాటా లెక్కతో ఎంచుకునే పద్ధతి

ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉన్న బండిని మన ఊళ్లలో పికప్ అంటే ఆస్ట్రేలియాలో యూట్ అంటారు. 1930ల తొలి ఏళ్లలో విక్టోరియా రాష్ట్రపు రైతు భార్య ఒకావిడ, ఆదివారం చర్చికి వెళ్లడానికీ సోమవారం పందులను సంతకు తోలడానికీ పనికివచ్చే ఒకే బండి కావాలని ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందనీ, గీలాంగ్ కర్మాగారంలోని లూ బ్యాండ్ట్ అనే యువ డిజైనర్ అందుకు జవాబుగా గీసిన బండే 1934లో బయటికి వచ్చిందనీ ఇక్కడ చెప్పుకుంటారు. తొంభై ఏళ్లు గడిచినా కొనేవారి కోరిక పెద్దగా మారలేదు. పని రోజుల్లో పనిముట్లు మోయాలి, సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఎర్రమట్టి దారుల్లో తిప్పి క్షేమంగా తీసుకురావాలి. మెల్‌బోర్న్, సిడ్నీ శివార్లలో సొంతంగా ఎలక్ట్రికల్ పనులో తోటపనులో శుభ్రపరిచే కాంట్రాక్టులో చేసుకుంటున్న తెలుగువారికీ, ప్రాంతీయ వీసాల మీద చిన్న పట్టణాలకు చేరి స్థిరపడుతున్నవారికీ ఇప్పుడు ఈ కోరిక కలుగుతున్నది కనుక, ఈ వ్యాసం వారిని దృష్టిలో ఉంచుకుని రాస్తున్నాను.

షోరూమ్‌లో కంటికి కనబడేవి ఇంజను శక్తి, పెద్ద తెర, తోలు సీట్లు, ఇంకా 3,500 కిలోల ట్రెయిలర్‌ను లాగుతుందన్న ప్రకటన. బండి మన అవసరానికి సరిపోతుందో లేదో తేల్చేది మాత్రం వీటిలో ఏదీ కాదు. తలుపు పక్కన అతికించిన చిన్న పలకమీద, హ్యాండ్‌బుక్ చివరి పేజీల్లో ఉండే మూడు నాలుగు బరువు అంకెలే దాన్ని తేలుస్తాయి. ఇంజను కొంచెం బలహీనమైనదైతే గుట్ట నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. బరువు హద్దు దాటితే బ్రేకులు ఆలస్యమవుతాయి, ఛాసీ వంగుతుంది, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ వెనుకాడే అవకాశం ఉంటుంది, పోలీసు ఆపితే జరిమానా పడుతుంది.

నాలుగు బరువులు, వాటి లెక్క

మొదటిది కెర్బ్ మాస్. ఇంధనపు ట్యాంకు నిండుగా ఉండి, మనుషులు గానీ సామాను గానీ అదనపు బిగింపులు గానీ లేని బండి బరువు ఇది. దీనితో పాటు టేర్ మాస్ అనే మాట కూడా కనబడుతుంది. అందులో ఇంధనం పది లీటర్లు మాత్రమే ఉంటుంది కనుక, టేర్ అంకెను చూసి లెక్క వేస్తే ట్యాంకు నిండేసరికి ఇంచుమించు అరవై కిలోలు తప్పిపోతాం. రెండవది జీవీఎమ్, అంటే మనుషులు, సామాను, బిగింపులు అన్నీ కలిపి బండి చట్టబద్ధంగా తూగదగిన గరిష్ఠ బరువు. ఈ రెండింటి తేడాయే పేలోడ్. మూడవది జీసీఎమ్, అంటే బండీ దాని వెనుక లాగే ట్రెయిలరూ కలిసి తూగదగిన గరిష్ఠం. నాలుగవది ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ విడివిడిగా ఉండే హద్దు. మొత్తం బరువు జీవీఎమ్ లోపలే ఉన్నా వెనుక ఇరుసు హద్దు దాటిపోవడం యూట్‌లలో మామూలుగా జరిగే పొరపాటు.

లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. 2015 నుంచి 2025 వరకు అమ్మిన తరం టొయోటా హైలక్స్ ఎస్సార్5 డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న రకం) జీవీఎమ్ 3,050 కిలోలు. కెర్బ్ మాస్ 2,100 అనుకుంటే పేలోడ్ 950 కిలోలు మిగులుతుంది. వినడానికి దాదాపు టన్ను. ఇప్పుడు ఒక సగటు కుటుంబపు సామాను ఎక్కిద్దాం. కంగారూల నుంచి కాపాడే బుల్ బార్ 60, వెనుక తొట్టికి కానపీ (మూతగా బిగించే గూడు), దానిలోని అరలు కలిపి 100, లాగుడు కొక్కెం 35, రెండో బ్యాటరీ 30, పైకప్పు ర్యాక్ 30 అనుకుంటే బండి కదలకముందే 255 కిలోలు ఖర్చయ్యాయి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి 220 కిలోలు. ఫ్రిజ్, అందులోని ఆహారం 50, నీళ్లు అరవై లీటర్లు అంటే 60, గుడారం, పరుపులు, కుర్చీలు 80, రెండో అదనపు చక్రం, ఇసుకలోంచి బయటపడే సరంజామా 55. మొత్తం 720. ఇంకా 230 కిలోల ఖాళీ ఉన్నది కదా అని 2,500 కిలోల క్యారవాన్ (లోపల బస చేయగల ట్రెయిలర్) తగిలిస్తే, దాని బరువులో సుమారు పదో వంతు, అంటే 250 కిలోలు, కొక్కెం మీదుగా బండి మీదే పడుతుంది. లెక్క 970కి చేరింది, హద్దు ఇరవై కిలోలు దాటింది. ఇందులో పనిముట్ల పెట్టె ఒక్కటీ లేదని గమనించాలి. ఆవకాయ జాడీ, బియ్యం సంచీ, రైస్ కుక్కర్ నడపడానికి తెచ్చుకున్న ఇన్వర్టర్ కూడా నేను కలపలేదు.

3,500 కిలోల లాగుడు ప్రకటనను కూడా ఇదే తీరున విప్పి చూడాలి. పైన చెప్పిన హైలక్స్ ఆటోమేటిక్ జీసీఎమ్ 5,850 కిలోలు. వెనుక నిజంగానే 3,500 తగిలిస్తే బండికి మిగిలేది 2,350. అందులో ఖాళీ బండే 2,100 తీసుకుంటే మనుషులకూ సామానుకూ కలిపి 250 కిలోలు మాత్రమే మిగులుతాయి. నలుగురు ఎక్కితే అయిపోయింది. 2024లో వచ్చిన మిత్సుబిషి ట్రైటన్‌కు జీసీఎమ్ 6,250, ఫోర్డ్ రేంజర్ వీ6కు 6,400. ప్రకటనలో మూడింటికీ ఒకే 3,500 కనబడినా, అంత బరువు లాగేటప్పుడు బండికి మిగిలే వాటా వరుసగా 2,350, 2,750, 2,900 కిలోలు. రేంజర్ వీ6 ఖాళీ బరువు కూడా ఎక్కువే కనుక ఈ తేడా అంతా చేతికి రాదు. అయినా పెద్ద క్యారవాన్ లాగదలచుకున్నవారు మొదట చూడవలసిన గడి ఇదే.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. డబుల్ క్యాబ్‌లో వెనుక సీట్లకు చోటివ్వడం కోసం తొట్టి వెనక్కి జరుగుతుంది, దానిలో సగానికి పైగా వెనుక ఇరుసు అవతల వేలాడుతుంది. ఇది తూనికకోల సూత్రం. ముందు వెనుక చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు, కొక్కెం వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల అవతల ఉన్నదనుకుంటే, కొక్కెం మీద 300 కిలోలు పెట్టినప్పుడు వెనుక ఇరుసు మీద పడేది 300 కాదు, 416. ఆ అదనపు 116 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. ఫలితంగా స్టీరింగ్ తేలికపడుతుంది, తడి రోడ్డు మీద ముందు టైర్ల పట్టు తగ్గుతుంది, గతుకుల దారిలో ఛాసీ క్యాబిన్ వెనుక భాగం దగ్గర వంగే ప్రమాదం ఏర్పడుతుంది. వెనుక భాగం కుంగిందని స్ప్రింగులకూ ఛాసీకీ మధ్య ఎయిర్ బ్యాగులు (గాలి నింపే రబ్బరు సంచులు) పెట్టించి పైకి లేపేవారు ఉన్నారు. బండి సమంగా కనబడుతుంది గానీ బరువు ఒక్క కిలో కూడా తగ్గదు, పైగా ఒత్తిడంతా ఛాసీలో ఒకే చోట కేంద్రీకరిస్తుంది. కనుక తొట్టి చివర రెండో చక్రం, నీళ్ల ట్యాంకు, జెర్రీ క్యాన్లు వేలాడదీసే అలంకారాలు చూడటానికి ఎంత సాహసికంగా ఉన్నా, బరువైన వస్తువులను క్యాబిన్‌కు ఆనించి, కిందికి పెట్టుకోవడమే సరైన పద్ధతి.

జీవీఎమ్‌ను పెంచే స్ప్రింగుల కిట్లు చట్టబద్ధంగా దొరుకుతాయి. కొత్త బండికి మొదటి రిజిస్ట్రేషన్‌కు ముందే బిగిస్తే ఆ పెంపు దేశమంతటా చెల్లుతుంది, తర్వాత బిగిస్తే రాష్ట్రపు ఇంజినీరింగ్ ధ్రువపత్రం కావాలి. అందుచేత అవసరమని ముందే తెలిసినవారు డీలరు బండిని అప్పగించకముందే నిర్ణయించుకోవడం లాభం. అయితే జీవీఎమ్ పెరిగినంత మాత్రాన జీసీఎమ్ దానంతట అది పెరగదు. సామాను మోయడానికి పెంచుకున్న బరువు ట్రెయిలర్ వాటాలోంచి తగ్గుతుందన్న సంగతి అమ్మేవారు ముందుగా చెప్పరు.

క్యాబ్, ట్రే, టబ్

పని ఎటువంటిదో దాన్ని బట్టి బండి ఆకారం తేల్చుకోవాలి. సింగిల్ క్యాబ్‌లో ఇద్దరు ముగ్గురే పడతారు గానీ వెనుక రెండున్నర మీటర్లకు దగ్గరగా ట్రే వస్తుంది, పేలోడ్ కూడా ఎక్కువ, బరువు ఇరుసుల మధ్యలో పడుతుంది. ఎక్స్‌ట్రా క్యాబ్‌లో సీట్ల వెనుక చిన్న చోటు ఉంటుంది. పనిముట్లు తాళం వేసి దాచుకోవడానికీ, అప్పుడప్పుడు పెద్దవారిని ఇబ్బంది పెట్టి కూర్చోబెట్టడానికీ అది పనికివస్తుంది. పిల్లలు లేని దంపతులు, ఒంటరిగా తిరిగేవారు తరచు దీన్ని చూడకుండా దాటిపోతారు. పనికీ పర్యటనకూ కలిపి చూస్తే అన్నింటికన్నా తెలివైన ఎంపిక ఇదేనని నా అభిప్రాయం. పిల్లలున్న ఇంటికి డబుల్ క్యాబ్ తప్పదు. దాని టబ్ పొడవు మీటరున్నర చుట్టుపక్కల ఉంటుంది, ట్రే అయితే ఇంకొంచెం ఎక్కువ.

టబ్ అంటే కంపెనీయే బండి ఒంటికి కలిపి చేసిన ఉక్కు తొట్టి. ట్రే అంటే మూడు పక్కల రేకులు కిందికి వాలే చదునైన బల్ల. గోధుమ బస్తాలో, గడ్డి మోపులో, ఇటుకలు పేర్చిన చెక్క పీటలో (ప్యాలెట్) పక్కనుంచి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎక్కించాలంటే ట్రే కావాలి. ఆస్ట్రేలియా ప్రామాణిక ప్యాలెట్ 1,165 మిల్లీమీటర్ల చదరం. రేంజర్, ఫోక్స్‌వాగన్ అమరోక్ టబ్‌లలో చక్రాల తొడుగుల మధ్య అది దిగుతుంది, హైలక్స్ టబ్‌లో దిగదు. కనుక టేపు జేబులో పెట్టుకుని వెళ్లాలి. అల్యూమినియం ట్రే తేలిక, తుప్పు పట్టదు. ఉక్కు ట్రే దెబ్బలను ఓర్చుకుంటుంది గానీ పేలోడ్‌ను తింటుంది.

డబుల్ క్యాబ్ చూసేటప్పుడు ఇంట్లోవారిని వెంట తీసుకువెళ్లి వెనుక సీట్లో కూర్చోబెట్టాలి. కొన్నింటిలో వీపు మరీ నిటారుగా ఉంటుంది, అరగంటకే నడుము పట్టేస్తుంది. పిల్లల సీట్ల పైపట్టీలు యూట్‌లలో తరచు బట్ట ఉచ్చుల గుండా పోతాయి కాబట్టి, మన సీటు ఒకసారి నిజంగా బిగించి చూడాలి. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చే తల్లిదండ్రులు ఇంత ఎత్తు ఎక్కగలరా అన్న ప్రశ్న షోరూమ్‌లో ఎవరికీ గుర్తురాదు, ఇంటికి వచ్చాక మొదటి ఆదివారమే ఎదురవుతుంది. అడుగు మెట్టు, పట్టుకునే పిడి నాలుగు తలుపులకూ ఉన్నాయో లేవో చూసుకుంటే చాలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఎటువంటిది కావాలి

ఎక్కువ యూట్‌లలో ఉండేది పార్ట్‌టైమ్ పద్ధతి. మామూలు రోడ్డు మీద వెనుక చక్రాలే నడుస్తాయి. మట్టి, ఇసుక, గులక దారిలో నాలుగు చక్రాలనూ కలుపుతాం. ముందు వెనుక ఇరుసుల మధ్య సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ ఇందులో ఉండదు కాబట్టి, తారు రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి మలుపు తిప్పితే గేర్లలో ఒత్తిడి బిగుసుకుని భాగాలు దెబ్బతింటాయి. అందుచేత వర్షంలో తడిసిన తారు రోడ్డు మీద, క్యారవాన్ లాగుతూ, కొంత తారు కొంత మట్టి వచ్చే కొండదారుల్లో ఈ పద్ధతి ఉపకరించదు. ట్రైటన్ పై రకాల్లోని సూపర్ సెలెక్ట్, రేంజర్ వీ6లోని 4ఏ స్థానం తారు మీద కూడా నాలుగు చక్రాలనూ నడపనిస్తాయి. టాస్మానియా, విక్టోరియా కొండప్రాంతాల్లో చలికాలం తిరిగేవారికి, తడి పొలాల్లోకి ట్రెయిలర్‌తో దిగేవారికి ఆ సౌకర్యానికి అదనంగా పెట్టిన డబ్బు వృథా కాదు. నగరంలో పని చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు బీచ్ ఇసుకలోకి వెళ్లేవారికి పార్ట్‌టైమ్ పద్ధతే చాలు.

లో రేంజ్ గేరు మాత్రం తప్పక ఉండాలి. నిటారు గుట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజనే బండిని పట్టి ఉంచేది అదే. వెనుక డిఫరెన్షియల్‌ను బిగించే డిఫ్ లాక్ ఉంటే, ఒక చక్రం గాలిలో లేచినా రెండోది నెట్టుతుంది. కొన్ని బండ్లలో ఆ లాక్ వేయగానే మిగతా చక్రాలకు ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రాన్ని అదుపు చేసే ఏర్పాటు) ఆగిపోతుంది, కొన్నింటిలో ముందు ఇరుసుకు కొనసాగుతుంది. ఏది కొంటున్నామో అడిగి తెలుసుకోవాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచితే నేలకు బండి దూరమవుతుందని అందరూ అనుకుంటారు. శరీరం లేస్తుంది గానీ వెనుక ఇరుసు మధ్యలోని గుండ్రని డిఫ్ గూడు చక్రాల మీదే కూర్చుని ఉంటుంది కనుక అది అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే టైరే పెద్దది కావాలి, దానికి రాష్ట్రానికో నిబంధన ఉన్నది.

కరెంటుతో ఛార్జ్ చేసుకుంటూ ఇంధనంతో కూడా నడిచే ప్లగ్ ఇన్ హైబ్రిడ్ యూట్‌లు కొత్తగా వస్తున్నాయి. 2024 చివర వచ్చిన బీవైడీ షార్క్ 6 రోజువారీ పనికి చవకగా నడుస్తుంది, పని స్థలంలో దాని నుంచే డ్రిల్లు, రంపం నడుపుకోవచ్చు. అయితే పేలోడ్ 790 కిలోలు, లాగుడు 2,500, లో రేంజ్ లేదు. పైన వేసిన లెక్కలో ఈ అంకెలు పెట్టి చూస్తే అది ఎవరికి సరిపోతుందో తెలుస్తుంది. రేంజర్ రాప్టర్‌కు కూడా లాగుడు 2,500 దాటదు. ఎడారిలో ఎగిరి దూకడానికి చేసిన కాయిల్ స్ప్రింగులు సిమెంటు బస్తాల కోసం చేసినవి కావు.

ఇంజను, ట్యాంకు, టైర్లు

హైలక్స్ 2.8 లీటర్ల ఇంజను ఆటోమేటిక్‌లో 500, ఇసుజు డి-మ్యాక్స్ 3.0 లీటర్లది 450, రేంజర్ వీ6 600 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తాయి. మూడూ కుటుంబపు సామానుకు చాలు. రెండు టన్నులు దాటి తరచు లాగేవారికి మాత్రమే వీ6 తేడా నిజంగా తెలుస్తుంది. డీజిల్ ఇంజను కొనేవారు అంతకన్నా శ్రద్ధగా ఆలోచించవలసింది డీపీఎఫ్ గురించి. పొగలోని మసిని పట్టే ఈ జల్లెడ శుభ్రపడాలంటే ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు స్థిరమైన వేగంతో నడవాలి. రోజూ అయిదారు కిలోమీటర్ల పనులకే తిప్పితే అది పూడుకుపోతుంది. పని అంతా నగరంలోని చిన్న దూరాలే అయితే వారానికొకసారి హైవే మీద అరగంట నడిపే అలవాటు చేసుకోవాలి, లేదా చేత్తో శుభ్రపరిచే స్విచ్ ఉన్న బండి చూసుకోవాలి. హైలక్స్‌కు 2018 నుంచి ఆ స్విచ్ ఉన్నది.

ఇంధనపు ట్యాంకు హైలక్స్, రేంజర్‌లలో 80 లీటర్లు, డి-మ్యాక్స్‌లో 76, ట్రైటన్‌లో 75. ఖాళీ బండి వంద కిలోమీటర్లకు తొమ్మిది లీటర్లు తాగితే, క్యారవాన్‌తో పదహారు తాగుతుంది. అంటే నిండు ట్యాంకుతో 500 కిలోమీటర్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు మీద డెర్బీ నుంచి మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్ (దారి పక్కన ఇంధనం దొరికే మజిలీ) వరకు సుమారు 300 కిలోమీటర్లు కనుక మామూలు ట్యాంకుతో వెళ్లవచ్చు. సింప్సన్ ఎడారిలో మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ వరకు 500 కిలోమీటర్లకు పైగా బంకు లేదు, మెత్తని ఇసుకలో ఖర్చు రెట్టింపవుతుంది. అక్కడికి పెద్ద ట్యాంకు ఉండాలి, లేదా జెర్రీ క్యాన్లు ఉండాలి. 130 లీటర్ల ట్యాంకుతో కంపెనీ నుంచే వచ్చే ల్యాండ్ క్రూజర్ 79 మీద దూరప్రాంతపు రైతులకు అంత గురి ఉండటానికి ఇదొక కారణం. 2022 చివర దాని జీవీఎమ్‌ను 3,510 కిలోలకు పెంచారు. ధర, సౌకర్యాల లేమి భరించగలవారికే అది. పదేళ్లకు ఒకసారి ఎడారి దాటే కుటుంబానికి అద్దె క్యాన్లే నయం.

చక్రాల విషయంలో పెద్ద అల్లాయ్‌లకు మోజు పడకూడదు. 20 అంగుళాల చక్రానికి టైరు పక్కగోడ పలచబడుతుంది, రాళ్ల దారిలో అదే ముందు చీలుతుంది. 17 అంగుళాల చక్రం, అందులోనూ 265/65 ఆర్17 వంటి సామాన్యమైన కొలత అయితే మారుమూల రోడ్‌హౌస్‌లో కూడా దొరికే అవకాశం ఉంటుంది. బరువు మోసే బండికి ఎల్‌టీ అని రాసి ఉన్న లైట్ ట్రక్ టైర్లు వేయించుకోవాలి. వాటికి మామూలు టైర్లకన్నా గాలి ఎక్కువ కావాలని, ఇసుకలో దాన్ని 18 పీఎస్‌ఐ దాకా దించి, బయటికి రాగానే మళ్లీ నింపాలని గుర్తుంచుకుంటే, చిన్న కంప్రెసర్ ఎందుకు కొనాలో వేరే చెప్పనక్కరలేదు. అలలు అలలుగా ఉండే గులక దారిలో కూడా గాలి పావు వంతు తగ్గిస్తే టైర్లు, స్ప్రింగులు, నడుము మూడూ బతుకుతాయి.

వాగులు దాటే లోతు డి-మ్యాక్స్, రేంజర్‌లకు 800 మిల్లీమీటర్లు, హైలక్స్‌కు 700 అని కంపెనీలు చెబుతాయి. ఇది నిలకడగా ఉన్న నీటిలో నెమ్మదిగా నడిపినప్పటి మాట. వాగులో లోతు నడిచి చూసి తెలుసుకోవాలన్న మన అలవాటు ఉత్తరాన పనికిరాదు. గిబ్ రివర్ రోడ్డు మీద పెంటకోస్ట్ నదిలో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి కాబట్టి, ఎదుటి బండి దాటేదాకా ఆగి చూడాలి.

పన్నులు, పర్యటనకు తగిలే చిక్కు

యూట్‌కు పన్ను ఉండదన్న మాట ప్రతి విందులోనూ వినబడుతుంది. అది సగమే నిజం. కంపెనీ పేర బండి కొని ఉద్యోగికి, లేదా సొంత కంపెనీలో ఉద్యోగి అయిన మనకే ఇచ్చినప్పుడు, అర్హమైన యూట్‌కు ఫ్రింజ్ బెనిఫిట్స్ పన్ను (ఉద్యోగికి ఇచ్చే సౌకర్యాల మీద యజమాని కట్టేది) మినహాయింపు ఉన్నది. అయితే సొంత వాడకం స్వల్పంగా, అరుదుగా ఉండాలి. పన్ను శాఖ 2018 మార్గదర్శకం ప్రకారం ఇంటికీ పనికీ మధ్య దారి మళ్లింపు 2 కిలోమీటర్లు, ఇతర సొంత ప్రయాణాలు ఏడాదికి మొత్తం 1,000 కిలోమీటర్లు మించకూడదు, ఏ ఒక్క రానుపోను ప్రయాణమూ 200 కిలోమీటర్లు దాటకూడదు. మెల్‌బోర్న్ నుంచి లోర్న్ సముద్రతీరానికి వెళ్లి వస్తేనే ఆ 200 దాటుతుంది. అంటే ఇదే బండితో కుటుంబాన్ని గిబ్ రివర్‌కు తీసుకువెళ్లే ఉద్దేశం ఉన్నవారు ఈ సులభ మార్గాన్ని నమ్ముకుని కొనకూడదు. సొంత పేర వ్యాపారం చేసేవారికి లెక్క వేరు. పేలోడ్ టన్నుకు లోపల ఉంటే పన్ను చట్టం దృష్టిలో అది కారు. 12 వారాల లాగ్‌బుక్ రాసి అయిదేళ్లపాటు ఆ నిష్పత్తిలో ఖర్చు చూపవచ్చు, తరుగుదలకు 2024-25లో 69,674 డాలర్ల పరిమితి వర్తించింది. టన్ను, అంతకు మించితే అది కారు కాదు, ఆ పరిమితి లేదు, నిజమైన ఖర్చులలో పని వాటా చూపాలి. 990కీ 1,000కీ మధ్య ఉన్న పది కిలోలు ఒక్కోసారి వేల డాలర్ల ప్రశ్న అవుతాయి కనుక, మోడల్ ఖరారు చేయకముందే అకౌంటెంట్‌ను అడగాలి.

కొత్తదా, పాతదా

కొత్తది కొనేవారు వారంటీతో పాటు సర్వీసు ఎన్నాళ్లకోసారో చూడాలి. పైన చెప్పిన తరం హైలక్స్‌కు ఆరు నెలలు లేదా 10,000 కిలోమీటర్లకు, రేంజర్, డి-మ్యాక్స్, ట్రైటన్‌లకు ఏడాది లేదా 15,000 కిలోమీటర్లకు సర్వీసు చేయించాలి. ఇసుజు వారంటీ ఆరేళ్లు లేదా 1,50,000 కిలోమీటర్లు. మిత్సుబిషి పదేళ్లు లేదా 2,00,000 ఇస్తుంది గానీ సర్వీసులన్నీ వారి డీలర్ల దగ్గరే చేయించాలన్న షరతు ఉన్నది. డీలరు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణంలో నివసించేవారికి ఆ షరతు చిన్నది కాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే డి-మ్యాక్స్ వీ-క్రాస్‌ను ఇండియాలో నడిపిన అనుభవం ఉన్నవారు, అదే బండి కదా అని ఆ అంకెలతో ఇక్కడ లెక్క వేయకూడదు. ఇక్కడికి వచ్చేవి థాయిలాండ్‌లో తయారైనవి, ఇంజన్లు, బరువు హద్దులు వేరు.

పాతది చూసేటప్పుడు ముందు రెండు డాలర్లు కట్టి పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టరులో వెతికితే దానిమీద అప్పు ఉన్నదా, వరదలోనో ప్రమాదంలోనో రద్దయిన బండా అన్నది తెలుస్తుంది. తర్వాత కిందికి దూరి చూడాలి. క్యాబిన్, తొట్టి మధ్య సందు రెండు పక్కలా సమానంగా, పైనా కిందా ఒకే వెడల్పుతో ఉండాలి. పైన సన్నగానో వెడల్పుగానో కనబడితే ఛాసీ వంగిందేమోనని అనుమానించాలి. వెనుక స్ప్రింగు పట్టీల దగ్గర పగుళ్లు, ఎయిర్ బ్యాగులు తీసేసిన గుర్తులు, అడుగున ఉప్పు తుప్పు వెతకాలి. క్వీన్స్‌లాండ్‌లో గర్రి (K'gari, పాత పేరు ఫ్రేజర్) ద్వీపపు బీచ్ మీద సెలవులు గడిపిన బండి పైనుంచి అద్దంలా మెరుస్తూనే, కింద బ్రేకు పైపులు తినేసి ఉండవచ్చు. తివాచీ ఎత్తి చూస్తే కనబడే మెత్తని ఎర్రదుమ్ము మాత్రం నన్ను భయపెట్టదు. దూరాలు తిరిగిన బండికి, నగరంలో చిన్న దూరాలే తిరిగిన బండికన్నా డీపీఎఫ్ ఆరోగ్యంగా ఉంటుంది.

బిగింపులన్నీ అయ్యాక, మొదటి పెద్ద ప్రయాణానికి ముందు బండిని లారీల కాటాకు తీసుకువెళ్లాలి. ధాన్యం గోదాముల దగ్గర, ఇసుక, కంకర యార్డుల దగ్గర, చెత్త డిపోల దగ్గర కాటాలు ఉంటాయి. ట్యాంకు నింపి, మనుషులందరూ ఎక్కి, సామానంతా సర్ది, ట్రెయిలర్ తగిలించి తూచాలి. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, బండి చక్రాలు నాలుగూ పెట్టి ఒకసారి, ట్రెయిలర్‌తో సహా ఒకసారి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనుక ఇరుసు బరువు, మూడోది జీసీఎమ్‌తో పోల్చవలసిన మొత్తం. నేను మొదటిసారి తూచినప్పుడు మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనుక ఇరుసు 140 కిలోలు దాటింది. పనిముట్ల పెట్టెను టబ్ చివరి నుంచి క్యాబిన్ గోడకు జరిపి, రెండో చక్రాన్ని ఇంట్లో వదిలి, నీళ్లలో సగాన్ని ట్రెయిలర్ ఇరుసు మీదికి మార్చి మళ్లీ తూచాను. ఆ రెండో చీటీ ఇప్పటికీ గ్లవ్ బాక్సులోనే ఉన్నది, కొత్త వస్తువు ఏది బిగించాలన్నా ముందు దాన్ని తీసి చూస్తాను.